పని పోయిన రోజుల్లో మనసు: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఆర్థిక మాంద్యం, ఉద్యోగ భయం, వాటితో కుదేలైన మనసు గురించే. వివరాలు బయటపడకుండా ఉత్తరాలను కుదించి, తొమ్మిదింటికి జవాబులిస్తున్నాం.

ప్రశ్న: కంపెనీ మా విభాగాన్నే ఎత్తేసింది. నాలుగు నెలలైంది. సెటిల్‌మెంట్ డబ్బు ఉంది కాబట్టి ఇల్లు గడవడానికి ఇప్పట్లో ఇబ్బంది లేదు. అయినా కూలబడిపోయాను. రాత్రి రెండింటిదాకా నిద్ర పట్టదు, పొద్దున పదకొండుకు లేస్తాను. రోజంతా ఖాళీ, కానీ ఏ పనికీ టైము చాలదు. ఇది బద్ధకమా, జబ్బా?

జవాబు: బద్ధకం మాత్రం కాదు. ఖాళీగా ఉన్న మనిషికి టైము చాలకపోవడమేమిటన్న సందేహానికి తొంభై ఏళ్ల కిందటే జవాబు దొరికింది. ఆస్ట్రియాలో వియన్నా దగ్గర మారియెంతాల్ అనే ఊరు మొత్తం ఒకే బట్టల మిల్లు మీద బతికేది. మహామాంద్యం తొలి రోజుల్లో ఆ మిల్లు మూతపడింది. మారీ యహోదా, పాల్ లాజర్స్‌ఫెల్డ్, హాన్స్ జైసెల్ అనే పరిశోధకులు ఆ ఊరి జనం రోజులెలా గడుపుతున్నారో దగ్గరుండి నమోదు చేసి 1933లో ప్రచురించారు. కావలసినంత తీరిక ఉన్నా గ్రంథాలయం నుంచి పుస్తకాలు తీసుకెళ్లడం తగ్గిపోయింది. మగవాళ్ల నడక వేగం తగ్గింది, వీధిలో ఊరికే ఆగిపోయేవారు. పొద్దుటి నుంచి ఏం చేశారని అడిగితే చాలామందికి చెప్పడానికి ఏమీ ఉండేది కాదు. ఇంటి పని తప్పని ఆడవాళ్ల రోజు మాత్రం అంతగా చెదరలేదు.

ఉద్యోగం జీతంతోపాటు మరో అయిదు ఇస్తుందని యహోదా తర్వాత వివరించారు. రోజుకు ఒక క్రమం, ఇంటివాళ్లు కాని మనుషులతో మాటామంతీ, నలుగురితో కలిసి చేసే పనిలో పాలు, సమాజంలో గుర్తింపు, తప్పనిసరిగా కదలాల్సిన అవసరం. మీ సెటిల్‌మెంట్ జీతం లోటును పూడ్చింది. ఈ అయిదూ కూడా అదే రోజున పోయాయి, వాటి లోటును పూడ్చేది ఏదీ రాలేదు. కాబట్టి వాటిని ఒక్కొక్కటిగా మీరే తిరిగి కట్టుకోవాలి.

లేచే వేళతో మొదలుపెట్టండి. నిద్ర ఎప్పుడు పట్టాలో మన చేతిలో ఉండదు, ఎప్పుడు లేవాలో ఉంటుంది. ఏడు గంటలనుకుంటే, రాత్రి ఎంతసేపు నిద్రపోయినా, సెలవు రోజైనా ఏడుకే లేవాలి. పదకొండు నుంచి ఒక్కసారిగా ఏడుకు రాలేకపోతే రెండు రోజులకోసారి అరగంట చొప్పున ముందుకు జరపండి. లేచిన గంటలోపు ఇరవై నిమిషాలైనా ఆరుబయట పగటి వెలుతురులో ఉండాలి, ఒంట్లోని గడియారాన్ని సరిచేసేది ఆ వెలుతురే. పగటి నిద్ర వద్దు. ఆపుకోలేకపోతే మధ్యాహ్నం మూడు గంటలలోపు, ఇరవై నిమిషాలకు మించకుండా. రాత్రి పడుకున్న ఇరవై నిమిషాల తర్వాత కూడా మెలకువగానే ఉంటే లేచి, తక్కువ వెలుతురులో కూర్చుని, నిద్ర వచ్చాకే మళ్లీ మంచం ఎక్కండి. మొదటి వారం అలసటగా ఉంటుంది. నిద్రను ముందుకు లాక్కొచ్చేది ఆ అలసటే, దానికి భయపడి పగలు పడుకుంటే కథ మళ్లీ మొదటికొస్తుంది.

ఉద్యోగం వెతకడానికి ఉదయం మూడు గంటలు చాలు, ఆ తర్వాత ఆపేయండి. రోజంతా వెతికేవాళ్లు నిజానికి వెతకరు, జాబ్ పోర్టళ్లను పైకీ కిందకీ తిప్పుతూ ఉంటారు. ఆ తిప్పడంలో దరఖాస్తులు తగ్గుతాయి, నిరాశ పెరుగుతుంది. రేపటి పనిని ఈ సాయంత్రమే కాగితం మీద పెట్టండి. ‘ఉద్యోగం వెతకాలి’ అని రాస్తే పని జరగదు. ‘పది గంటలకు బల్ల దగ్గర కూర్చుని ఫలానా కంపెనీకి దరఖాస్తు పూర్తి చేయాలి’ అని వేళా చోటూ కలిపి రాస్తే జరిగే అవకాశం చాలా ఎక్కువ. మధ్యాహ్నాలు వారానికి కనీసం రెండు, మీకోసం ఎవరో ఒకరు ఎదురుచూసే పనికి కేటాయించండి. క్లాసు కావచ్చు, స్వచ్ఛంద సేవ కావచ్చు, కొన్ని గంటల పార్ట్‌టైం పని కావచ్చు. మనకోసం ఇంకొకరు కనిపెట్టుకుని ఉన్నారంటే తప్ప కాళ్లు గడప దాటని దశ ఇది.

ఒక్క జాగ్రత్త. మొదటి రోజే పది అంశాల టైంటేబుల్ వేసుకుని మూడో రోజుకు చతికిలపడి, ‘నావల్ల కాదు’ అనుకునేవాళ్లు ఎక్కువ. మొదటి వారం రెండే పెట్టుకోండి, లేచే వేళ, బయటి నడక. తర్వాత వారానికి ఒకటి చేర్చండి.

ఇక జబ్బు సంగతి. కుంగుబాటును అంచనా వేయడానికి డాక్టర్లు వాడే పీహెచ్‌క్యూ-9 అనే ప్రశ్నావళి ఉంది. గత రెండు వారాల గురించి తొమ్మిది ప్రశ్నలు, ఒక్కోదానికి 0 నుంచి 3 మార్కులు, మొత్తం 27. మొత్తం 10 గానీ అంతకు మించి గానీ వస్తే డాక్టరును కలవండి. మార్కులు పెట్టుకున్నంత మాత్రాన రోగ నిర్ధారణ అయినట్టు కాదు, అది డాక్టరు చేయాలి. తొమ్మిదో ప్రశ్న చనిపోవాలన్న ఆలోచనల గురించి. దానికి సున్నా తప్ప ఏ జవాబు వచ్చినా మొత్తంతో పని లేదు, అదే రోజు ఎవరితోనైనా మాట్లాడాలి. 2009లో కార్‌స్టెన్ పాల్, క్లాస్ మోజర్ అనే పరిశోధకులు వందల అధ్యయనాలను కలిపి చూస్తే, మానసిక సమస్యల లక్షణాలు ఉద్యోగం ఉన్నవాళ్లలో 16 శాతం మందికి, లేనివాళ్లలో 34 శాతం మందికి ఉన్నాయి. అంటే మీలాంటివాళ్లు ప్రతి ముగ్గురిలో ఒకరున్నారు.

ప్రశ్న: మా టీములో సగం మందిని తీసేశారు. నేను మిగిలాను. సంతోషించాల్సింది పోయి రోజూ ఆఫీసుకు వెళ్తుంటే కడుపులో తిప్పుతోంది. పోయినవాళ్ల ముఖం చూడలేకపోతున్నాను. మేనేజరు మీటింగుకు పిలిస్తే చెమటలు పడుతున్నాయి.

జవాబు: పోతుందో లేదో తెలియని ఉద్యోగం మనిషిని దాదాపు పోయిన ఉద్యోగమంతగానూ కుంగదీస్తుందని ఎన్నో అధ్యయనాల్లో తేలింది. పోతే ఏం చేయాలో ఆలోచించుకోవచ్చు. తెలియనప్పుడు మనసు అన్ని అవకాశాలకూ ఒకేసారి సిద్ధపడుతూ, ఏ క్షణమూ విశ్రాంతి తీసుకోదు. దానికి తోడు పోయినవాళ్ల పని మీ నెత్తిన పడి ఉంటుంది, వాళ్లు పోయి నేను ఉండటమేమిటన్న అపరాధ భావమూ ఉంటుంది.

అనిశ్చితిని మీరు తీసేయలేరు, దాని వైశాల్యాన్ని తగ్గించగలరు. ఈ వారాంతం మూడు గంటలు కూర్చుని ‘వచ్చే నెల నన్ను తీసేస్తే’ అన్న దానికి రాతపూర్వకంగా జవాబు తయారు చేయండి. నోటీసు కాలమెంత, చేతికి రావాల్సిన బకాయిలెన్ని, ఆరోగ్య బీమా ఎప్పటిదాకా ఉంటుంది, ఇంట్లో ఉన్న డబ్బు ఎన్ని నెలల తప్పనిసరి ఖర్చుకు సరిపోతుంది. జీతం స్లిప్పులు, నియామక పత్రం, అప్రైజల్ ఉత్తరాలు మీ సొంత కాపీలుగా ఇంట్లో ఉంచుకోండి. ఉద్యోగం పోయిన రోజునే ఆఫీసు మెయిల్ మూసుకుపోతుంది, చాలామందికి ఆ సంగతి అప్పుడే తెలుస్తుంది. కంపెనీ రహస్య సమాచారం మాత్రం ముట్టుకోవద్దు. రెజ్యూమె తాజా చేయండి. తప్పనిసరి ఖర్చు మూడు నెలలకు సరిపడా డబ్బు చేరేవరకు కొత్త వాయిదాలేవీ పెట్టుకోకండి.

ఆ పని ముగిశాక, భయానికి రోజూ ఒక వేళ కేటాయించండి, సాయంత్రం ఆరింటికి పదిహేను నిమిషాలు. మిగతా వేళల్లో భయం వస్తే ఒక్క ముక్క రాసుకుని ఆరింటికి వాయిదా వేయండి. ఆరింటికి చూసుకునేసరికి సగానికి సగం చప్పబడిపోయి ఉంటాయి, మిగిలినవాటిలో ఏమైనా చేయగలిగినవి ఉంటే రేపటి జాబితాలోకి ఎక్కించండి. ఆఫీసు గుసగుసల వాట్సాప్ గ్రూపు నుంచి మాత్రం వెంటనే బయటికి రండి. అక్కడ వచ్చే కబుర్లలో నిజమెంతో తేలే లోపే మీ నిద్ర పోతుంది.

పోయిన సహోద్యోగులకు ఫోన్ చేయండి. ఓదార్పు మాటలేమీ వెతుక్కోనక్కర్లేదు. ‘ఫలానా చోట ఖాళీ ఉందట, నీ రెజ్యూమె పంపనా’ అన్న ఒక్క మాట చాలు. వాళ్లకు ఉపయోగం, మీ మీద అపరాధ భారమూ తగ్గుతుంది.

ప్రశ్న: మా ఆయన ఉద్యోగం పోయి ఆరు నెలలు. మొదట్లో బాగానే వెతికారు. ఇప్పుడు ఎవరితోనూ మాట్లాడరు, ఏమడిగినా కసురుకుంటారు, తాగుడు పెరిగింది. మొన్న ‘నేను లేకపోతే మీరే సుఖంగా ఉంటారు’ అన్నారు. కోపంలో అన్నారనుకున్నాను గానీ, ఆయనలాగే నాకూ నిద్ర పట్టడం లేదు. ఎలా మాట్లాడాలి?

జవాబు: ముందుగా ఆ మాట సంగతి. దాన్ని కోపం కింద కొట్టేయకండి. ఈ ఉత్తరంలో మిగతావన్నీ తర్వాత చూసుకోవచ్చు, ఇది ఈరోజే చూడాలి. ఇల్లు నెమ్మదిగా ఉన్న వేళ, తాగి లేనప్పుడు, పక్కన కూర్చుని సూటిగా అడగండి: ‘మొన్న మీరన్న మాట నన్ను వదలడం లేదు. చచ్చిపోవాలనిపిస్తోందా మీకు?’ ఇలా అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందని చాలామంది జంకుతారు. అడగడం వల్ల ఆ ఆలోచన పుట్టదని, ఉన్నవాళ్లకు చెప్పుకునే దారి దొరుకుతుందని పరిశోధనలు చెబుతున్నాయి. ‘అలాంటి పిచ్చి ఆలోచనలేమీ లేవు కదా’ అని మాత్రం అడగకండి. ఆ ప్రశ్నకు ‘లేవు’ తప్ప వేరే జవాబు రాదు.

ఆయన అవునంటే వాదించవద్దు, పిల్లల ముఖం చూడమని ఒట్లు వేయించవద్దు. వినండి. ఎలా, ఎప్పుడు అని ఏమైనా అనుకున్నారా అని అడగండి. అనుకున్నారంటే ప్రమాదం దగ్గర్లో ఉంది, ఒంటరిగా వదలకండి. హాని చేసుకోగల వస్తువులు, అవసరానికి మించిన మందులు, మద్యం ఇంట్లోంచి తీసేయండి లేదా వేరేవాళ్ల దగ్గర పెట్టండి. ఆత్మహత్య తలంపు చాలామందిలో తీవ్రంగా ఉండేది కొద్ది సమయమే, ఆ సమయంలో సాధనం అందుబాటులో లేకపోవడం ప్రాణం నిలబెడుతుంది. వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లండి, లేదా మీ ప్రాంతపు అత్యవసర సేవలకూ ఆత్మహత్య నివారణ హెల్ప్‌లైన్‌కూ ఫోన్ చేయండి. ఆ నంబర్లు ఇప్పుడే ఫోన్లో వేసి పెట్టుకోండి. ఆయన లేదన్నా సరే, ఈ వారంలో డాక్టరు దగ్గరికి వెళ్లాల్సిందే. ‘మానసిక వైద్యం’ అంటే మొండికేస్తే ‘నిద్ర పట్టడం లేదు కదా, దానికి చూపిద్దాం’ అంటే బయల్దేరతారు. అది అబద్ధమూ కాదు.

కుంగుబాటు మగవాళ్లలో చాలాసార్లు కన్నీళ్లుగా బయటికి రాదు. చిరాకు, తాగుడు, మాట మానేయడం, ఇవే దాని ముఖం. తాగితే నిద్ర త్వరగా పడుతుంది గానీ రాత్రి రెండో సగంలో చెదిరిపోతుంది, మర్నాడు దిగులు ఇంకా పెరుగుతుంది. రోజూ ఎక్కువ మోతాదులో తాగే అలవాటుంటే ఒక్కసారిగా మాన్పించకండి, వణుకు, ఫిట్స్ వచ్చే ప్రమాదం ఉంది. ఆ సంగతి డాక్టరుకు ముందే చెప్పండి. కుంగుబాటు మందులు ఇస్తే పనిచేయడం తెలియడానికి రెండు నుంచి నాలుగు వారాలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పడుతుంది. వారానికే ‘ఏం లాభం లేదు’ అని ఆపడం, బాగున్నాక చెప్పాపెట్టకుండా మానేయడం, ఈ రెండు పొరపాట్లే ఎక్కువ జరుగుతాయి.

రోజువారీ మాటల విషయానికొస్తే, ‘ఏమైనా తెలిసిందా?’ అన్న ప్రశ్న మీకు ఆరాటం, ఆయనకు రోజూ పరీక్ష. వారానికి ఒకసారి, అరగంట, ఉద్యోగం సంగతీ డబ్బు సంగతీ మాట్లాడుకుందామని ఇద్దరూ ఒప్పుకోండి. మిగతా ఆరు రోజులూ ఆ ప్రస్తావన వద్దు. ఇంట్లో ఆయన చేతి మీద నడిచే పని ఒకటి ఉండాలి, దాన్ని మీరు మళ్లీ సరిచేయకూడదు. పిల్లలకు దాచకండి, వాళ్లకు ఎలాగూ తెలుస్తుంది, తెలియనిది మాత్రం ఊహించుకుంటారు. ‘నాన్న పనిచేసే చోట చాలామందికి పని పోయింది, నాన్న తప్పేం లేదు. కొన్ని ఖర్చులు తగ్గిస్తాం, మీ చదువు సాగుతుంది’ అని, ఏది మారుతుందో ఏది మారదో చెబితే చాలు. నిజంగా మారేదాన్ని మారదని మాత్రం చెప్పకండి.

ఇంకొక్క మాట. ఫిన్లాండ్‌లో 1990ల మొదట్లో నిరుద్యోగం దాదాపు 3 శాతం నుంచి 16 శాతం దాటింది. ఆత్మహత్యలు మాత్రం పెరగలేదు, తగ్గాయి. ఆ దేశంలో నివారణ కార్యక్రమం, సామాజిక భద్రత రెండూ ఉన్నాయి. మాంద్యం వస్తే ప్రాణాలు పోక తప్పదన్న నియమమేమీ లేదు. చుట్టూ ఆదుకునేవాళ్లు ఉంటే ప్రాణాలు నిలిచే అవకాశం పెరుగుతుంది.

ప్రశ్న: ఆదాయం సగానికి పడింది. మూడు అప్పులు, ఒక క్రెడిట్ కార్డు. వసూలు ఫోన్లు మోగితే గుండె జారిపోతోంది, కవర్లు విప్పడం మానేశాను. మామూలుగా లెక్కల్లో తప్పు చేయని నేను మొన్న ఒకే బిల్లు రెండుసార్లు కట్టాను.

జవాబు: ఆ తప్పు మీ తెలివి తగ్గి జరగలేదు. 2013లో ‘సైన్స్’ పత్రికలో వచ్చిన ఒక అధ్యయనంలో, తమిళనాడు చెరకు రైతులకు కోతకు ముందు చేతిలో డబ్బు లేనప్పుడూ, కోత తర్వాత డబ్బు వచ్చాకా ఒకే రకం పరీక్షలు పెట్టారు. అవే మనుషులు, డబ్బు లేనప్పుడు తక్కువ మార్కులు తెచ్చుకున్నారు. డబ్బు చింత మెదడులో చోటు ఆక్రమిస్తుంది. అందుకే అప్పుల నిర్ణయాలు తలలో పెట్టుకుని చేయవద్దు, కాగితం మీదే చేయండి, రాత్రిపూట అసలే వద్దు.

పెద్ద కాగితం తీసుకుని ఒక్కో అప్పుకు ఒక వరుస గీయండి. ఎవరికి, ఎంత మిగిలింది, వడ్డీ శాతం, నెల వాయిదా, ఎన్ని రోజులు ఆలస్యమైంది, తాకట్టు ఏముంది, హామీదారు ఎవరు. విప్పని కవర్లన్నీ ఈ పూటే విప్పండి, ఒంటరిగా కాకుండా పక్కన నమ్మకమైన మనిషిని కూర్చోబెట్టుకుని. చాలామందికి మొత్తం చూశాక భయం తగ్గుతుంది. తెలియని అంకె తెలిసినదాని కంటే పెద్దగా కనిపిస్తుంది కదా.

చెల్లింపుల వరుసను మీరే నిర్ణయించాలి. గొంతు పెంచి అడిగేవాళ్లకు ముందు కట్టేయడం సహజం. తాకట్టు లేని అప్పులవాళ్లే ఎక్కువ ఫోన్లు చేస్తారు, ఎందుకంటే ఫోన్లు తప్ప వాళ్ల చేతిలో ఉన్న ఆయుధాలు తక్కువ. ముందు ఇంటి అద్దె లేదా ఇంటి రుణం, తిండి, కరెంటు, నీళ్లు, మందులు, ఆరోగ్య బీమా ప్రీమియం. తర్వాత సంపాదనకు కావలసినవి, ఫోను, ఇంటర్నెట్, పనికి తీసుకెళ్లే బండి. తర్వాత తాకట్టు ఉన్న మిగతా అప్పులు. చివర్న తాకట్టు లేనివి, వాటిలో వడ్డీ ఎక్కువున్నది ముందు.

వాయిదా తప్పకముందే అప్పిచ్చినవాళ్లకు మీరే ఫోన్ చేయండి. తప్పాక చేసే ఫోనుకూ దీనికీ చాలా తేడా ఉంటుంది. ‘ఆదాయం సగమైంది, నెలకు ఇంత కట్టగలను, కాలవ్యవధి పెంచుతారా, కొన్ని నెలలు వడ్డీ మాత్రమే తీసుకుంటారా’ అని అంకెతో అడగండి. అంకె లేని విన్నపానికి ‘చూద్దాం’ అన్న జవాబే వస్తుంది. వాయిదాలు కొన్నాళ్లు ఆపుతామంటే ఆ కాలానికి వడ్డీ పడుతుందో లేదో అడగండి. పడితే మొత్తం పెరుగుతుంది, అప్పుడది అవసరమైనంత వరకే వాడుకోవాలి. ఒప్పుకున్నదేదైనా రాతలో రానిదే డబ్బు కట్టవద్దు.

పాత అప్పు తీర్చడానికి ఎక్కువ వడ్డీకి కొత్తది తేవడం, క్రెడిట్ కార్డుతో నగదు తీయడం, నిమిషాల్లో అప్పిచ్చే యాప్‌లు, ఈ మూడింటి జోలికి పోవద్దు. కార్డుతో తీసిన నగదుకు సాధారణంగా తీసిన రోజు నుంచే వడ్డీ మొదలవుతుంది. వసూలు ఫోన్లకు వారంలో రెండు పూటలు పెట్టుకోండి. ఆ వేళల్లోనే ఎత్తి, ఎవరు ఏమన్నారో తేదీతో రాసుకోండి. బెదిరిస్తే ‘రాతలో పంపండి’ అని పెట్టేయండి. మీ చోట ఉచిత రుణ సలహా కేంద్రం ఉంటే మొదటి నెలలోనే వెళ్లండి, చివరి దశలో వెళ్లేవాళ్లకు మిగిలే దారులు తక్కువ.

ప్రశ్న: ఈ ఏడే డిగ్రీ పూర్తయింది. సీనియర్లకు వచ్చిన ఉద్యోగాలు మాకు లేవు. తక్కువ స్థాయి ఉద్యోగంలో చేరితే జీవితమంతా అక్కడే ఉండిపోతానేమోనని భయం.

జవాబు: కెనడా పట్టభద్రుల మీద జరిగిన ఒక పెద్ద అధ్యయనంలో, మాంద్యంలో చదువు ముగించినవాళ్లు మొదట్లో దాదాపు 9 శాతం తక్కువ సంపాదించారు. అయిదేళ్లకు ఆ లోటు సగమైంది, పదేళ్లకు దాదాపు పూడిపోయింది. కోలుకున్నవాళ్లు ఎలా కోలుకున్నారన్నది మీకు ముఖ్యం. చిన్న సంస్థల్లో మొదలుపెట్టి, మార్కెట్ తేరుకోగానే మెరుగైన సంస్థలకు మారారు. కాబట్టి చేరండి. ఇంట్లో కూర్చుని ఎదురుచూడటం కంటే అదే మంచిది. అయితే మీ రంగానికి ఒక మెట్టు దగ్గరగా ఉన్న పనిని ఎంచుకోండి. చేరిన రోజునే పద్దెనిమిది నెలల తర్వాతి తేదీ ఒకటి రాసుకుని, ఆ లోపు చూపించదగ్గ నైపుణ్యం ఒకటి సంపాదించండి. ఆ తేదీ రాగానే బయటికి దరఖాస్తులు మొదలు. ‘ఇక్కడ అలవాటైపోయింది’ అని ఉండిపోయినవాళ్లలోనే లోటు మిగిలిపోతుంది.

ప్రశ్న: ఆర్థిక వ్యవస్థ కోలుకుందని పేపర్లలో రాస్తున్నారు. మరి ఉద్యోగాలు ఎక్కడ? లోపం నాలోనే ఉందా?

జవాబు: లేదు. ఉత్పత్తి ముందు లేస్తుంది, ఉద్యోగాలు తర్వాత లేస్తాయి. ఆర్డర్లు పెరగగానే యజమాని కొత్తవాళ్లను తీసుకోడు. ముందు ఉన్నవాళ్ల పనిగంటలు పెంచుతాడు, తర్వాత తాత్కాలికులను పెట్టుకుంటాడు, గిరాకీ నిలుస్తుందని నమ్మకం కలిగాకే శాశ్వత నియామకాలు. అమెరికాలో పెద్ద మాంద్యం 2009 జూన్‌లో ముగిసినట్టు లెక్క. నిరుద్యోగం 10 శాతంతో శిఖరానికి చేరింది అదే ఏడాది అక్టోబరులో. మాంద్యానికి ముందున్నన్ని ఉద్యోగాలు మళ్లీ వచ్చింది 2014లో. ఈ వరుసను వెతుకులాటలో వాడుకోండి. కోలుకునే తొలి దశలో తాత్కాలిక, కాంట్రాక్టు పనులకు దరఖాస్తు చేయండి, ముందు తెరుచుకునేవి ఆ తలుపులే.

ప్రశ్న: ఏడు నెలలుగా దరఖాస్తులు పంపుతున్నాను, పిలుపే లేదు. రెజ్యూమెలో ఖాళీని ఎలా చెప్పాలి?

జవాబు: ఖాళీ ప్రభావం ఉంది, దాచి లాభం లేదు. అమెరికాలో కల్పిత రెజ్యూమెలు పంపి చేసిన 2013 నాటి ప్రయోగంలో, నిరుద్యోగ కాలం పెరిగేకొద్దీ పిలుపులు తగ్గాయి, ఆ తగ్గుదలలో ఎక్కువ భాగం మొదటి ఎనిమిది నెలల్లోనే. అదే ప్రయోగంలో తేలిన మరో సంగతి, ఉద్యోగాలు అసలే కరువైన చోట ‘చాలాకాలం ఖాళీగా ఉన్నారు’ అన్న ముద్ర బలం తగ్గుతుంది, ఎందుకంటే అక్కడ ఖాళీగా ఉండటం చాలామందికి మామూలే. ఈలోగా చేసిన చిన్న కాంట్రాక్టు, కోర్సు, స్వచ్ఛంద సేవ ఏదున్నా తేదీలతో ఖాళీలో నింపండి. లేకపోతే ఈ వారమే ఒకటి మొదలుపెట్టండి. ఇంటర్వ్యూలో జవాబు ముప్పై సెకన్లు దాటకూడదు: ‘మా విభాగం మొత్తం మూసేశారు. ఈ మధ్య ఫలానాది నేర్చుకున్నాను. ఈ ఉద్యోగంలో అది ఇలా పనికొస్తుంది.’ పాత కంపెనీ మీద ఫిర్యాదు వద్దు. బిగ్గరగా పదిసార్లు చెప్పి చూసుకోండి, గొంతులో చేదు వినిపిస్తే ఇంకా సిద్ధం కానట్టే.

ఆ చేదును దించుకోవడానికి ఒక పద్ధతి ఉంది. 1994లో వెలువడిన ఒక అధ్యయనంలో, ఉద్యోగం పోయిన ఇంజనీర్లలో కొందరిచేత వరసగా అయిదు రోజులు, రోజుకు ఇరవై నిమిషాలు, ఉద్యోగం పోవడం గురించి మనసులో ఉన్నదంతా రాయించారు. రాయనివాళ్లకన్నా వాళ్లలో ఎక్కువ మందికి, త్వరగా కొత్త ఉద్యోగాలు దొరికాయి. వాళ్లేమీ ఎక్కువ దరఖాస్తులు పంపలేదు. చిన్న అధ్యయనమే, కానీ ఖర్చు లేనిది. రాసింది ఎవరికీ చూపించనక్కర్లేదు.

ఇక, పోర్టళ్లకు పంపే దరఖాస్తులు సగానికి తగ్గించి ఆ సమయాన్ని మనుషుల మీద పెట్టండి. ఉద్యోగ సమాచారం దగ్గరి స్నేహితుల కంటే ముఖపరిచయస్తుల నుంచే ఎక్కువ వస్తుందని సమాజ శాస్త్రవేత్త మార్క్ గ్రానోవెటర్ 1973లో రాశారు. మన దగ్గరివాళ్లకు తెలిసింది మనకూ తెలుస్తుంది, దూరపువాళ్లకు తెలిసింది వేరు. వారానికి అయిదుగురికి, మూడు వాక్యాలకు మించని సందేశం పంపండి. ఉద్యోగం ఇప్పించమని కాకుండా, వాళ్ల రంగంలో ఇప్పుడు దేనికి మనుషులు కావాలో పది నిమిషాలు చెప్పగలరా అని అడగండి.

ప్రశ్న: కొత్త ఉద్యోగం దొరికి ఏడాదైంది. అయినా ఎప్పుడు పోతుందోనన్న భయం వదలడం లేదు. నాలో ఏదో విరిగిపోయిందా?

జవాబు: జర్మనీలో వేలమందిని ఏళ్ల తరబడి అనుసరించిన అధ్యయనంలో, ఉద్యోగం పోయినవాళ్ల జీవన తృప్తి కొత్త ఉద్యోగం వచ్చాక పెరిగింది గానీ సగటున పాత స్థాయికి పూర్తిగా చేరలేదు. కాబట్టి మీకు జరుగుతున్నది అరుదైనది కాదు. భయం పనికొచ్చేంత వరకు వాడుకోండి. పొదుపు ఆరు నెలల ఖర్చుకు పెంచండి, పరిచయాలు తెగిపోనివ్వకండి. ఆ తర్వాత కూడా నిద్రనూ పనినీ చెడగొడుతుంటే నాలుగైదు వారాల్లో కౌన్సెలరును కలవండి.

ప్రశ్న: నాది ఇరవై మంది పనిచేసే చిన్న సంస్థ. అమ్మకాలు మూడో వంతు పడిపోయాయి. నలుగురిని తీసేయక తప్పదేమో. వాళ్లకు అన్యాయం జరగకుండా ఎలా చేయాలి?

జవాబు: తీసేసే ముందు ఒక లెక్క వేయండి. ఇరవై మందిలో నలుగురి జీతాలంటే సుమారు అయిదో వంతు. అందరి పనిగంటలూ అయిదో వంతు తగ్గిస్తే, అంటే అయిదు రోజుల పని వారంలో ఒక రోజు, దాదాపు అంతే మిగులుతుంది. 2009లో జర్మనీ ఉత్పత్తి 5 శాతానికి పైగా పడినా నిరుద్యోగం పెద్దగా పెరగకపోవడానికి ఒక కారణం ఇదే. అక్కడ తగ్గిన గంటల జీతంలో కొంత ప్రభుత్వం భరించింది, ఆ పథకంలో ఒక దశలో దాదాపు 15 లక్షల మంది ఉన్నారు. మీ చోట అలాంటి సాయం ఉందో లేదో కార్మిక శాఖలో కనుక్కోండి. పనిగంటల తగ్గింపుకు ఉద్యోగుల రాతపూర్వక సమ్మతి, చట్టం అనుమతి అవసరమవుతాయి. ఎన్ని నెలలకో ముందే చెప్పాలి, అయిదారు నెలలు దాటి సాగితే బాగా పనిచేసేవాళ్లే ముందు వెళ్లిపోతారు. అమ్మకాలు మళ్లీ లేస్తాయన్న ఆధారం ఉంటేనే ఈ దారి. లేకపోతే నష్టాన్ని వాయిదా వేయడమే అవుతుంది.

తీసేయక తప్పదంటే అందరినీ ఒకే విడతలో తీసేయండి. నెలకొకరిని పంపితే మిగిలిన పదహారు మందీ నెలల తరబడి భయంతోనే పనిచేస్తారు. ఒక్కొక్కరితో విడిగా, ఎదురుగా కూర్చుని, వారం మధ్యలో, పొద్దుటి పూట చెప్పండి. వారాంతం ముందు సాయంత్రం చెబితే, మర్నాడు సందేహాలు అడగడానికి ఎవరూ దొరకరు. మొదటి నిమిషంలోనే విషయం చెప్పేయండి: ‘మీ పోస్టును తీసేస్తున్నాం. చివరి రోజు ఫలానాది. అమ్మకాలు పడిపోవడమే కారణం, మీ పనితనం కాదు.’ వాతావరణం, కుటుంబ క్షేమం మాట్లాడుతూ పది నిమిషాలు సాగదీస్తే అవతలి మనిషికి ఆ పది నిమిషాలు నరకం. మీకెంత బాధగా ఉందో వివరించవద్దు, అప్పుడు వాళ్లే మిమ్మల్ని ఓదార్చాల్సి వస్తుంది. ఆ షాకులో చెప్పింది సగమైనా గుర్తుండదు కాబట్టి చివరి రోజు, బకాయిల మొత్తం, చెల్లించే తేదీ, బీమా ముగిసే రోజు, సందేహాలకు ఎవరికి ఫోన్ చేయాలో అంతా ఒకే పేజీలో రాసి చేతికివ్వండి. సహోద్యోగులకు వీడ్కోలు చెప్పుకునే అవకాశం ఉండాలి.

అదే రోజు మిగిలినవాళ్లను సమావేశపరిచి, ఎందుకు జరిగింది, పోయినవాళ్ల పనిలో ఏది ఎవరికి వస్తుంది, ఏ పని పూర్తిగా ఆపేస్తున్నాం అన్నది చెప్పండి. ఆపే పని ఏదీ లేకపోతే ఇరవై మంది భారం పదహారు మంది మీద పడుతుంది, అక్కడి నుంచి జబ్బు సెలవులు మొదలవుతాయి. వెళ్లిపోయే నలుగురికీ సిఫారసు లేఖలు చివరి రోజుకు ముందే సిద్ధం చేయండి. అందులో చేరిన తేదీ, వెళ్లిన తేదీ, చేసిన పనులు, సంస్థలో ఉద్యోగాల తగ్గింపు వల్లే వెళ్తున్నారన్న వాక్యం ఉండాలి. ఏడు నెలల తర్వాత ఏదో ఇంటర్వ్యూలో ఖాళీ గురించి అడిగినప్పుడు వాళ్ల చేతిలో ఉండే కాగితం అదే.